పేర్లు చదివిన ఆదివారం



ఇది కొంచెం పెద్ద పోస్టే. తీరిక ఉన్నప్పుడు చదవండి. మా ఊరి మందిరం పెంచడానికి చందాలు వసూలు చేసే పని పోయిన ఏడాది మా చేతికి వచ్చింది. ఆ పనిలో మేం ఒక పెద్ద తప్పు చేశాం. ఎవరో చెయ్యమంటే చేసింది కాదు, మాకు మేమే తెలివిగా అనుకుని చేశాం. మీ ఊళ్ళల్లో కూడా మందిరానికో, ఇలవేల్పుల గుడికో, కమ్యూనిటీ హాలుకో, జాతరకో చందాలు వసూలు చేస్తూనే ఉంటారు. పుస్తకం, పెన్ను చదువుకున్న పిల్లల చేతికే ఇస్తారు. అందుకే ఇది రాస్తున్నాం.

మేం ఏడుగురం. ఇద్దరం హైదరాబాద్‌లో పీజీ, ముగ్గురం భద్రాచలంలో డిగ్రీ, ఒకరు బీఈడీ, ఒకరు చదువు అయిపోయి ఊళ్ళోనే ఉంటున్నారు. అందరం కోయ పిల్లలమే. మాది గోదావరి ఒడ్డున, భద్రాచలం నుంచి చర్ల పోయే దారి వైపు ఉన్న ఊరు. పేరు రాయడం లేదు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మా వైపు మందిరాలు కొత్తగా వచ్చినవి కావు. గోదావరిలో పడవల దారి కోసం దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట పనులు జరిగే రోజుల్లో హేగ్ అనే ఇంజినీరు దొర అక్కడ ఉండేవాడు. ఆయన చొరవతోనే 1860ల నాటికి దుమ్ముగూడెంలో మిషన్ మొదలైంది. తర్వాత జాన్ కెయిన్ అనే పాదిరి చాలా ఏళ్ళు అక్కడే ఉండి కోయ భాష నేర్చుకుని మన వాళ్ళ ఆచారాల గురించి వ్యాసాలు రాశాడు. సువార్తలో కొంత భాగం ఆ శతాబ్దంలోనే కోయ మాటల్లోకి వచ్చింది. మా ఊళ్ళో సంఘం అంత పాతది కాదు గానీ, మా తాతల కాలం నుంచి ఉంది. ఊళ్ళో దాదాపు సగం ఇళ్ళు సంఘంలో ఉన్నాయి. మిగతా సగం ఇలవేల్పులను కొలుస్తారు. అందరం చుట్టాలమే. కొత్తల పండుగకు మేం వాళ్ళ ఇళ్ళకు పోతాం, క్రిస్మస్‌కు వాళ్ళు మా ఇళ్ళకు వస్తారు.

మందిరం చిన్నది. నలభై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు, పైన రేకులు. చాపల మీద ఒక పక్క ఆడవాళ్ళు, ఒక పక్క మగవాళ్ళు సర్దుకుని కూర్చుంటే వంద మంది పడతారు. సంఘంలో ఇప్పుడు ఎనభై నాలుగు ఇళ్ళు. మామూలు ఆదివారమే వసారా నిండిపోతుంది. క్రిస్మస్‌కు పరదాలు కట్టి బయట కూర్చోబెడతాం.

బయట కూర్చోవడం మాకు అలవాటే. మందిరం పెంచాలన్న మాట నిజంగా పుట్టింది మాత్రం పోయిన ఏడాది జూలైలో, ఒక చావు దగ్గర. మా సంఘపెద్ద ఒకాయన పోయాడు. చుట్టుపక్కల గూడేల నుంచి జనం వచ్చారు. పెట్టె లోపల పెట్టి అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టగానే పెద్ద వాన. ముందుగా వచ్చిన వాళ్ళు లోపల ఉన్నారు. చనిపోయినాయన సొంత తమ్ముడు, తమ్ముడి పిల్లలు అడవి దారిన నడిచి ఆలస్యంగా వచ్చి బయట వానలో నిలబడిపోయారు. లోపలి నుంచి ఎవరో లేచి చోటిస్తామన్నా, "తడిసినోళ్ళం, లోపలికెందుకులే" అని ఆయన రాలేదు. తలమీద టవలు వేసుకుని కిటికీలోంచి అన్నను చూస్తూ నిలబడ్డాడు. మట్టి చేసి వచ్చాక ఎవరికీ ఆ సంగతి మనసులోంచి పోలేదు.

ఆగస్టులో పాస్టరేట్ కమిటీ కూర్చుంది. వెనక వైపు ఇరవై అడుగులు పెంచాలి, పక్కన సండే స్కూల్‌కు ఒక గది వెయ్యాలి. హాస్టల్ నుంచి సెలవులకు వచ్చిన పిల్లలు చదువుకోవడానికీ ఆ గది పనికొస్తుంది. మేస్త్రీ స్లాబుతో 6,40,000 రూపాయలు అవుతుందని లెక్క చెప్పాడు. లెక్కల పని మాకు అప్పగించారు. "మీరు చదువుకున్నోళ్ళు, మీకైతే తప్పులు పోవు" అన్నారు. మాకు గర్వంగానే అనిపించింది.

ఆ రాత్రే కూర్చుని పథకం వేశాం. ఎనభై నాలుగు ఇళ్ళు, ఇంటికి 5,000. అంటే 4,20,000. మిగతా 2,20,000 ఉద్యోగాలు చేసే వాళ్ళ దగ్గర, బయట ఉన్న చుట్టాల దగ్గర. గడువు అక్టోబర్ నెలాఖరు. ఎక్సెల్ షీట్ చేశాం, ఫోన్‌పే స్కానర్ ప్రింట్ తీసి మందిరం తలుపుకు అంటించాం. ఒక్కరం కూడా "ఇంటికి 5,000 అని ఎవరిని అడిగి రాశాం?" అని అడగలేదు.

ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. మన ఇళ్ళల్లో డబ్బు ఎప్పుడు ఉంటుందో మనకు తెలియదా? మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు ఏరుతారు. ఎండలు ముదిరాక తునికాకు. యాభై ఆకులు ఒక కట్ట. తెల్లవారకముందే అడవికి పోయి, మధ్యాహ్నం కట్టలు కట్టి, సాయంత్రం కల్లం దగ్గర లెక్క చెప్పి వస్తారు. దానికి ముందు మిరప కోతల కూలి. వరి, పత్తి డబ్బు ఏదన్నా వస్తే నవంబర్ తర్వాతే. జూన్ నుంచి అక్టోబర్ దాకా డబ్బు బయటికి పోవడమే గానీ లోపలికి వచ్చేది ఉండదు. విత్తనాలు, ఎరువులు, పిల్లల్ని హాస్టల్లో దింపే ఖర్చులు, వానాకాలం జ్వరాలు. షావుకారు దగ్గర ఖాతా పెరిగేది కూడా ఆ నెలల్లోనే. మేం సరిగ్గా ఆ నెలల్లోనే గడువు పెట్టాం. హాస్టల్ మెస్‌లో తిని పెరిగిన పిల్లలం కదా, ఇంట్లో గింజ ఎప్పుడు నిండుకుంటుందో మర్చిపోయాం.

అక్టోబర్ నెలాఖరుకు 1,62,000 వచ్చింది. యాభై మూడు ఇళ్ళ వాళ్ళు పూర్తిగానో, కొంతో కట్టారు. ముప్పై ఒక్క ఇళ్ళ నుంచి ఏమీ రాలేదు.

నవంబర్ మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక ప్రకటనల సమయంలో మాలో ఒకరు మైకు తీసుకున్నారు. ముందు కట్టినవాళ్ళ పేర్లు, మొత్తంతో సహా చదివారు. 10,000 కట్టిన టీచర్ గారి పేరు వచ్చినప్పుడు చప్పట్లు. 5,000 వాళ్ళకు చప్పట్లు. 500, 300 దగ్గరికి వచ్చేసరికి చప్పట్లు ఆగిపోయాయి. తర్వాత "ఇంకా బాకీ ఉన్నవారు" అని ముప్పై ఒక్క పేర్లు చదివారు. ఆ మాట మేమే పేపర్ మీద రాసిచ్చాం. "బాకీ" అనే మాట. మధ్యాహ్నానికి ఆ పేపర్ ఫొటో సంఘం వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టేశాం. కింద చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టాం, మర్యాదగా ఉంటుందని.

ఆ నెలలోనే సండే స్కూల్ పిల్లలకు గుడి కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన బీద విధవరాలి కథ చెప్పింది కూడా మేమే.

తర్వాతి ఆదివారం వసారా ఖాళీ. పిల్లలు లోపలే సరిపోయారు. కోత పనులేమో అనుకున్నాం. ఆ పై ఆదివారం కూడా అంతే. అయ్యగారు మమ్మల్ని ఏమీ అనలేదు. అమ్మగారు మాత్రం చాపలు మడుస్తూ, "మందిరం చాలడం లేదన్నారు, ఇప్పుడు చాలుతోంది గదా" అని లోపలికి పోయింది. ఆ మాట అర్థం కావడానికి మాకు కాసేపు పట్టింది. షీట్ తెరిచి చూశాం. రాని వాళ్ళందరూ దాదాపు ఆ ముప్పై ఒక్క ఇళ్ళ వాళ్ళే.

వాళ్ళలో ఒక అవ్వ ఉంది. ఒంటరిది. మగడు పోయి ఇరవై ఏళ్ళు దాటింది. కొడుకు మిరప కోతలకు పోయిన చోటే ఉండిపోయాడు. శనివారం సాయంత్రం మందిరం ఊడ్చి, చాపలు దులిపి, కుండలో నీళ్ళు పోసేది ఆమే. మా చిన్నప్పటి నుంచీ అంతే. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ జీతం ఇవ్వలేదు. ఇప్పుడు రెండు శనివారాలుగా మందిరం ఊడ్చలేదు.

మేం నలుగురం ఆమె ఇంటికి పోయాం. వాకిట్లో చింతకాయలు కొడుతోంది. మమ్మల్ని చూసి లేచి నులకమంచం వాల్చింది. "కూసోండి బిడ్డా" అంది. కోపంగా ఉంటే మాకు సులువుగా ఉండేది. నీళ్ళిచ్చింది. పరీక్షలు ఎప్పుడని అడిగింది. చివరికి మాలో ఒకరు, "అవ్వా, గుడికి రావట్లేదేం?" అన్నారు.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది.

"నా పేరు మైకులో ఎప్పుడొచ్చింది బిడ్డా? నా పెళ్ళప్పుడు మైకు లేదు. నా మగడు పోయినప్పుడు ఆయన పేరు చదివిన్రు, నాది చదవలే. ఇన్నేళ్ళకు నా పేరు మైకులొచ్చె. బాకీ అని వచ్చె."

మేం తల దించుకున్నాం. ఆమె చింతకాయల వైపు చూస్తూ ఇంకో మాట అంది.

"షావుకారు పుస్తకంల ఉన్న నేను. సంఘం పొదుపు పుస్తకంల ఉన్న. దేవుని కాడ గూడ పుస్తకం పెడితే ఇగ యాడికి పోవాలె?"

ఎవరి దగ్గరా జవాబు లేదు. "తీసేస్తాం అవ్వా" అని మాత్రం అన్నాం. ఫొటో గ్రూపులోంచి తీసేశాం. కానీ అప్పటికే చాలా ఫోన్లలో దిగిపోయింది. మన చేతిలోంచి పోయిన పేపర్ వెనక్కి రాదని ఆ రోజు తెలిసింది.

మన తాతల తరానికి బాకీ అంటే ఏంటో మీ అందరికీ తెలుసు. బాకీ పేరు మీదే పొలాలు పోయాయి, వెట్టికి పోయారు. ఆ మాట విని కొన్ని తరాలు భయపడ్డాయి. మేం మాత్రం ఎక్సెల్ షీట్‌లో ఒక గడికి పెట్టిన పేరు అనుకున్నాం.

ఇదే సమయంలో ఇంకో సంగతి జరిగింది. టౌన్ నుంచి ఒక పెద్ద మనిషి, పనులు కాంట్రాక్టు తీసుకునే ఆయన, కబురు పెట్టాడు. 3,00,000 ఇస్తానన్నాడు. రెండు కోరికలు. గుమ్మం పక్కన నల్లరాతి మీద తల్లిదండ్రుల పేర్లు చెక్కాలి. మందిరం వెనక ఉన్న పది గుంటల స్థలం తను నడిపే ట్రస్టు పేరు మీద పెడితే, ముందు ముందు అక్కడ ఇంకా పెద్దది కట్టిస్తాడు.

నిజం చెప్తున్నాం, మాలో చాలామందికి ఆశ పుట్టింది. 3,00,000 వస్తే ఎవరి ఇంటికీ పోనక్కర్లేదు, ఎవరి పేరూ చదవక్కర్లేదు. మా తప్పు కూడా దాని కింద కప్పడిపోతుంది.

కమిటీ ఊరి పెద్దలను కూడా పిలిచింది, స్థలం సంగతి కాబట్టి. ఆ స్థలం ఒక కోయ కుటుంబానిది. మందిరం ఉన్న జాగా కూడా వాళ్ళ తాత ఇచ్చిందే. మాలో బీఈడీ చదివే అక్క లేచి చట్టం చెప్పింది. మనది షెడ్యూల్డ్ ఏరియా. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలకు 1970లో చేసిన సవరణ, మనం 1/70 అని పిలుచుకునేది, ఇక్కడి భూమి గిరిజనేతరుల పేరు మీదికి పోకుండా ఆపుతుంది. అమ్మినా చెల్లదు, దానంగా రాసిచ్చినా చెల్లదు. సభ్యులందరూ గిరిజనులే అయిన సహకార సంఘానికైతే వేరు, బయటి ట్రస్టుకు కుదరదు. మంచి పని కోసం అన్నా చట్టం మారదు.

ఊరి పెద్ద ఒకాయన ఉన్నాడు. సంఘంలో మనిషి కాదు, ఇలవేల్పుల పూజ చేసే ఇంటివాడు. అంతా విని, "ఇయ్యాల రాయి మీద పేరు చెక్కుతాడు. రేపు మీ మనవలు ఆ రాయి చూసి ఇది ఆయన గుడి అనుకుంటరు. కాయితం దాకా ఎందుకు?" అన్నాడు. కమిటీ ఆయనకు మర్యాదగానే వద్దని కబురు చేసింది. షరతు లేకుండా ఇస్తే ఎంతైనా తీసుకుంటామని కూడా చెప్పింది. మళ్ళీ కబురు రాలేదు.

ఇంటికి పోయేటప్పుడు మాకు ఒక్క సంగతి తట్టింది. ఆ కాంట్రాక్టరు రాతి మీద పేరు అడిగితే మనకు తప్పుగా అనిపించింది. మరి మేం మైకులో పేర్లు చదివి చప్పట్లు కొట్టించినప్పుడు చేసింది ఏంటి? ఎక్కువ ఇచ్చినవాడి పేరు పెద్దగా, తక్కువ ఇచ్చినవాడి పేరు చిన్నగా, ఇవ్వలేనివాడి పేరు అప్పుగా. రాయి లేదంతే.

అప్పుడు కొత్త దారి వెతకడం మొదలుపెట్టాం. హైదరాబాద్‌లో చదివే మా వాళ్ళకు మిజోరం నుంచి వచ్చిన ఒక క్లాస్‌మేట్ ఉంది. ఆమె వాళ్ళ సంఘాల్లో జరిగేది చెప్పింది. బుహ్‌ఫాయ్ తామ్ అంటారు, పిడికెడు బియ్యం అని అర్థం. 1910 నుంచీ ఉంది, మొదలుపెట్టింది ఆడవాళ్ళే. వంట చేసే ప్రతిసారీ ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కన కుండలో వేస్తారు. వారానికోసారి సంఘం ఆడవాళ్ళు వచ్చి పట్టుకుపోతారు. అక్కడి సంఘాలు బయటి డబ్బు మీద ఆధారపడకుండా నిలబడటంలో ఆ పిడికెడు బియ్యానికి పెద్ద భాగం ఉంది. వాళ్ళూ మనలాగే షెడ్యూల్డ్ తెగల వాళ్ళే, కొండల్లో పోడు చేసుకున్న వాళ్ళే.

మేం ఏదో కొత్తది కనిపెట్టినట్టు ఊరికి వచ్చి స్త్రీల మైత్రి కూటంలో ఈ సంగతి చెప్పాం. పెద్దవాళ్ళు నవ్వారు. "మా అత్త కాలంల ఉండేది గదరా! పొయ్యి పక్కన గురిగి ఉండేది. మీరు పుట్టినంక రేషన్ కార్డులొచ్చినయి, గురుగులు పోయినయి" అన్నారు. డోర్నకల్ వైపు పాత సంఘాల్లో కూడా ఇలాగే నడిచేదట. అక్కడ అజరయ్య గారు బిషప్‌గా ఉండేవారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయన. బీద సంఘం కూడా తన చేత్తో ఇచ్చి తన కాళ్ళ మీద నిలబడాలని పట్టుబట్టేవారు, దాని మీద ఒక పుస్తకమే రాశారు. డోర్నకల్‌లో 1939లో ప్రతిష్ఠ చేసిన పెద్ద గుడి మీలో చాలామంది చూసే ఉంటారు.

మిజోరం దాకా పోయి తెలుసుకున్నది మన పొయ్యి పక్కనే ఉండేదన్నమాట.

డిసెంబర్ మొదటి ఆదివారం మేం ఏడుగురం సంఘం ముందు నిలబడ్డాం. మైకు వాడలేదు. "నవంబర్‌లో పేర్లు చదివింది మేము. బాకీ అని రాసింది మేము. ఇక్కడ ఎవరూ ఎవరికీ బాకీ లేరు. మమ్మల్ని క్షమించండి" అని చెప్పాం. వినాల్సిన వాళ్ళలో చాలామంది ఆ రోజు మందిరంలో లేరు. అందుకని ఆ ముప్పై ఒక్క ఇళ్ళకూ నడిచి పోయి అదే మాట చెప్పాం. కొన్ని ఇళ్ళల్లో టీ ఇచ్చారు. రెండు ఇళ్ళల్లో లోపలికి రమ్మనలేదు. అది వాళ్ళ హక్కు.

తర్వాత పద్ధతి మార్చాం. మీకు పనికొస్తుందేమో అని వివరంగా రాస్తున్నాం.

ఒకటి, ఇంటికి ఇంత అనే మాట తీసేశాం. మందిరం లోపల మూత ఉన్న పెట్టె పెట్టాం. వేసేవాళ్ళు మడిచి వేస్తారు. ఫోన్‌పే స్కానర్ తీసేశాం, ఎందుకంటే దాంట్లో పేరు, మొత్తం రెండూ కనపడతాయి. బయట ఉన్నవాళ్ళు పంపేది మాత్రం బ్యాంకు ఖాతాలోకి వస్తుంది, ఆ వివరాలు ట్రెజరర్ ఒక్కరే చూస్తారు.

రెండు, గురిగి. ఇష్టమైన ఇంట్లో పిడికెడు బియ్యం తీస్తారు. శనివారం ఇద్దరు ఆడవాళ్ళు గోనెసంచి పట్టుకుని తిరుగుతారు. ప్రతి ఇంటి బియ్యం అదే సంచిలో పడుతుంది, కొలిచేది చివర్లోనే. ఎవరిది సోలెడు, ఎవరిది పిడికెడు అనేది సంచికి కూడా తెలియదు. రేషన్ బియ్యం అమ్మకూడదు కాబట్టి ఈ బియ్యం అమ్మలేదు. పనికి వచ్చిన వాళ్ళకు మధ్యాహ్నం అన్నం దీంతోనే వండారు. మేస్త్రీ, కూలీల తిండి ఖర్చు మొత్తం మిగిలింది.

మూడు, పని. డబ్బు లేనివాళ్ళ దగ్గర ఒంట్లో శక్తి ఉంది. వాగు నుంచి ఇసుక మోయడం, పునాది తవ్వడం, ఇటుకలు అందించడం. పొలంలో బదులు పనికి ఎలా పోతామో అలాగే. సంఘంలో లేని చుట్టాలు కూడా వచ్చారు. పరంజాకు వెదుళ్ళు ఇచ్చింది వాళ్ళే. ఎవరు ఎన్ని రోజులు వచ్చారో రాయలేదు.

నాలుగు, ఇది అన్నిటికంటే ముఖ్యం. ఇచ్చినవాళ్ళ పేరు దాచాం గానీ లెక్క దాచలేదు. ప్రతి ఆదివారం గోడ మీద నల్లబల్లపై మూడు అంకెలు రాస్తాం. ఈ వారం వచ్చింది, ఖర్చయింది, మిగిలింది. సిమెంటు, ఇనుము బిల్లులు ఒక ఫైల్‌లో కిటికీలో ఉంటాయి, ఎవరైనా తీసి చూడొచ్చు. పెట్టె తెరిచేటప్పుడు ముగ్గురు ఉండాలి, అందులో ఇద్దరు ఆడవాళ్ళు. కొన్ని చోట్ల దీనికి తిరగబడి జరుగుతుంది. ఎవరెంత ఇచ్చారో మైకులో చెప్తారు, ఆ డబ్బు ఎటు పోయిందో మాత్రం చెప్పరు.

ఫిబ్రవరిలో కోతల పండుగ చేశాం. కోళ్ళు, సొరకాయలు, గుమ్మడికాయలు, కందులు, తేనె సీసాలు తెచ్చి బల్ల దగ్గర పెట్టారు. ఆరాధన అయ్యాక వేలంపాట. ఒక కోడిపుంజును పాడుకున్నాయన మళ్ళీ మందిరానికే ఇచ్చేశాడు, ఇంకొకాయన పాడి ఆయనా ఇచ్చేశాడు. అలా అది నాలుగుసార్లు అమ్ముడుపోయి, చివరికి ఎవరి కూరలోకీ పోకుండా అయ్యగారి పెరట్లో తిరుగుతోంది. వేలంపాటలో ఎవరెంత పాడారో అందరికీ వినపడుతుంది గదా, అది పేర్లు చదవడం కాదా అని మాలోనే ఒకరు అడిగారు. నిజమే. దానికి మా దగ్గర పూర్తి జవాబు లేదు. పాడమని ఎవరినీ బలవంతం చెయ్యం, పాడనివాడి పేరు ఎక్కడా రాదు, అదొక్కటే తేడా. పిల్లలకూ ముసలివాళ్ళకూ పది రూపాయల నుంచి మొదలయ్యే పాటలు వేరేగా పెట్టాం. నిమ్మకాయ పాడుకుని ఎగిరిన పిల్లలున్నారు.

స్లాబు మాత్రం వెయ్యలేకపోయాం. అంత డబ్బు రాలేదు. గోడలు లేపి, ఇనప పైపుల మీద రేకులు వేశాం. సండే స్కూల్ గది పూర్తయింది, కిటికీ తలుపులు ఇంకా పెట్టలేదు. మొత్తం ఖర్చు 4,86,000. ముందు వచ్చింది 1,62,000, పెట్టెలో ఆగస్టు దాకా పడింది 1,48,000, ఉద్యోగస్తులూ బయటి చుట్టాలూ పంపింది 90,000, కోతల పండుగలో 58,000. మిగతా 28,000 సిమెంటు కొట్లో ఇవ్వాలి. కొట్టు పుస్తకంలో "మందిరం" అని రాసి ఉంది. ఇప్పుడు బాకీ ఉన్నది మేమందరం. వాన పడితే రేకుల చప్పుడుకు ప్రసంగం వినపడదు, అది మాత్రం మారలేదు.

ఇంకొన్ని సంగతులు కూడా చెప్పాలి. ఆ ముప్పై ఒక్క ఇళ్ళల్లో ఐదు ఇళ్ళ వాళ్ళు ఇప్పటికీ రావడం లేదు. ఒక కుటుంబం వేరే ఊళ్ళో ప్రార్థనకు పోతోంది. ఎదురుపడితే మాట్లాడతారు, మందిరం మాట వస్తే మాత్రం తల తిప్పుకుంటారు. పెట్టె పెట్టాం, పద్ధతి మార్చాం గానీ, వాళ్ళ విషయంలో మేం చేసింది మిగిలే ఉంది.

అవ్వ సంగతి అడుగుతారని తెలుసు. డిసెంబర్‌లో రాలేదు. క్రిస్మస్‌కు కూడా రాలేదు. ఆ శనివారాలు మందిరం మేమే ఊడ్చాం. మూలల్లో దుమ్ము ఎలా తియ్యాలో కూడా మాకు తెలియదు. జనవరిలో పునాది తవ్వే రోజు గంపలో మట్టి ఎత్తుతూ కనపడింది. ఎవరం ఏమీ అనలేదు. మధ్యాహ్నం అందరితో పాటు కూర్చుని తింది. తర్వాత ఒక శనివారం మేం చీపురు పట్టుకుని పోయేసరికి లోపల ఊడ్చేసి ఉంది, కుండలో నీళ్ళు ఉన్నాయి. ఆదివారం మాత్రం ఇంకో నెల దాకా రాలేదు. వచ్చిన రోజు ఎప్పటిలాగే గుమ్మం దగ్గర చాప మీద కూర్చుంది. ఆమె ఇంట్లో గురిగి ఉందో లేదో మాకు తెలియదు. అడగలేదు.

గుమ్మం పక్కన రాయి ఏమీ పెట్టలేదు. మేస్త్రీ తడి సిమెంటు మీద పుల్లతో సంవత్సరం రాశాడు, అంతే.

మీ ఊళ్ళల్లో చందాల లెక్క ఎలా పెడతారో, ఎవరినీ నొప్పించకుండా ఎలా నడుపుతారో కింద రాయండి. మేం చేసినట్టే ఎవరైనా చేసి ఉంటే, ఆ ఇళ్ళకు నడిచి పొండి. ఫోన్‌లో మెసేజ్ పెట్టి ఊరుకోకండి.

డిసెంబర్‌లో మా ఊరు వస్తే మందిరానికి రండి. ఈసారి ఎవరూ బయట నిలబడక్కర్లేదు.